ఎక్కడ తగిలించావు?

"ఎక్కడ తగిలించావు?" అన్నాడు శ్రీహరి, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

ఆదివారం పొద్దున్న ఇందుమతి వాకిట్లో కారు కడుగుతోంది. ముందు ఎడమ చక్రం అంచు తుడుస్తుంటే చేతిలో గుడ్డ దేనికో పట్టుకుని ఆగింది. వంగి చూస్తే, పది రోజుల క్రితం వేయించిన కొత్త అలాయ్ చక్రం అంచున చెక్కు లేచి ఉంది. బూడిద రంగు పోయి లోపలి తెల్లటి లోహం బయటపడింది. "అయ్యో" అంది. ఆ ఒక్క అయ్యోకే వరండాలోంచి ప్రశ్న వచ్చింది. ఏమైందని కాదు. ఎక్కడ తగిలించావని.

"ఏమోనండీ. స్కూలు గేటు దగ్గరేమో. చూసుకోలేదు" అంది ఇందుమతి.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గుడ్డ పిండుతూ ఆలోచించింది. స్కూలు గేటుకి అటూ ఇటూ రెండు కార్లు పట్టేంత జాగా ఉంటుంది. అక్కడ తగిలే ప్రశ్నే లేదు. మరి ఆ మాట ఎందుకు అంది? అడిగారు కాబట్టి అంది. ఈ ఇంట్లో ఏదైనా విరిగితే, చిరిగితే, మాడితే, పోతే, అడగడమే ఆలస్యం, ఒప్పుకోవడం అలవాటైపోయింది. ఒప్పుకుంటే ఒక్క మాటతో పోతుంది. కాదంటే పూటంతా సాగుతుంది.

"కొత్త వస్తువు నీ చేతిలో పది రోజులు నిలవదు కదా తల్లీ" అంది లోపల్నుంచి అత్తగారు నాగరత్నం, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఒక్క మాటతో పోలేదు, రెండు మాటలు పట్టింది.

ఇందుమతి లెక్కల టీచరు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేటి మధ్య ఊళ్లో హైస్కూలు. పదకొండేళ్లు ఆ దారిలో బస్సుల్లో, షేరు ఆటోల్లో, ఒక్కోసారి ఐసు పెట్టెలు ఎక్కించిన వ్యాను ముందు సీట్లో తిరిగింది. నలభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుని, తన జీతంలోంచి ఓ పాత కారు కొనుక్కుంది. నేర్చుకునేటప్పుడు "ఈ వయసులో ఎందుకమ్మా ఈ వేషాలు" అన్న అత్తగారే, ఇప్పుడు కంటి డాక్టరు దగ్గరికీ భీమవరంలో పెళ్లిళ్లకీ ముందు సీటులో కూర్చుని వెళ్తుంది. ఉండి ఊరి దగ్గర కౌలుకిచ్చిన చెరువులు చూసి రావాలంటే శ్రీహరికీ ఆ కారే. అతనికి మోటారు సైకిలు తప్ప రాదు. అయినా పక్క సీట్లో కూర్చున్నంతసేపూ "బ్రేకు, బ్రేకు" అంటూ కాలితో కింది మ్యాటుని తొక్కుతూనే ఉంటాడు.

ఈ వానాకాలం మొదట్లో ఆ కారు అరిగిన టైర్లతో జారింది. చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోయే రోడ్డు అది, ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటుంది. ఎదురుగా గేదె వచ్చిందని బ్రేకు వేస్తే కారు గిర్రున అడ్డం తిరిగి, చెరువు గట్టుకి జానెడు దూరంలో ఆగింది. పక్కన ఆమెతో పాటు రోజూ వచ్చే బయాలజీ టీచరు ఎలిజబెత్ ఉంది. ఆ సాయంత్రమే ఇందుమతి టైర్లు మార్చాలని నిర్ణయించుకుంది. పాత రిమ్ములు కూడా తుప్పు పట్టి పొరలు ఊడుతున్నాయి. తాడేపల్లిగూడెంలో చెల్లెలింటికి వెళ్లినప్పుడు అక్కడి షాపులో నాలుగు అలాయ్ చక్రాలు తనే ఎంచుకుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో పెళ్లిళ్లకి కట్టే చీర కూడా అత్తగారు వేలు పెట్టి చూపించిందే తీసుకుంది. అలాంటిది ఆ రోజు షాపులో ఏడు రకాలు చూపిస్తే, అయిదు ఆకులున్న ఈ బూడిద రంగు చక్రం దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. ఎవర్నీ అడగలేదు. చెల్లెలి ఇంటి వరండాలో నాలుగింటినీ పెట్టెల్లోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టెల్లో పెట్టింది. చెల్లెలు నవ్వింది, "పసిపిల్లకి ఒళ్లు తుడుస్తున్నట్టు తుడుస్తున్నావేంటే" అని.

టైర్లు మాత్రం ఏలూరులో గోవిందరాజులు గారి షాపులోనే వేయించాలన్నాడు శ్రీహరి. "రోజూ వాకింగ్‌లో కలుస్తాం. మనవాడు. జాగ్రత్తగా చేయిస్తాడు." శ్రీహరిది చేపల మేత ఏజెన్సీ. ఊళ్లో అందరూ అతనికి మనవాళ్లే. ఇందుమతి పొద్దున్న కారు అక్కడ వదిలి బస్సులో స్కూలుకి వెళ్లింది. సాయంత్రం వానలో తిరిగొచ్చి తీసుకుంది. చుట్టూ తిరిగి చూసే వీలు లేకపోయింది. మర్నాటి నుంచీ చక్రాలకి కొల్లేటి బురద.

చెక్కు లేచిన సంగతి అంతటితో పోయేదే. పాత కుక్కరు మూతలాగా, పగిలిన ఊరగాయ జాడీలాగా అది కూడా తన ఖాతాలో పడిపోయేదే. కానీ ఆ చక్రంలో గాలి నిలవడం లేదు. సోమవారం పొద్దున్న చూస్తే టైరు కిందకి కూర్చుని ఉంది. బంకులో గాలి పట్టిన కుర్రాడు వేలు పెట్టి చూసి, "టైరుకేం లేదండి. రిమ్ము అంచు లేచిందండి, అక్కణ్నుంచి పోతందండి" అన్నాడు. ఆ తడి రోడ్డు మీద, ఆ చక్రం మీద, తనూ ఎలిజబెత్తూ.

సాయంత్రం షాపుకి వెళ్లింది. గోవిందరాజులుకి అరవై ఏళ్లుంటాయి. నుదుట సన్నటి బొట్టు, తెల్ల చొక్కా, మెత్తటి మాట. "రండమ్మా, కూర్చోండి. అమ్మగారికి మంచినీళ్లు ఇవ్వండర్రా" అన్నాడు. ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నాడు. బయటికి వచ్చి ముందు ఎడమ చక్రం వైపు నిలబడే ఓసారి చూశాడు.

"ఫుట్‌పాత్ తగిలిందమ్మా. ఎడం పక్క ఎప్పుడూ ఇలాగే అవుద్ది."

"నేనెక్కడా తగిలించలేదండీ. టైరు వేసేటప్పుడే..."

"ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నామమ్మా ఈ పని. కొత్తలో ఎవరికైనా అంచనా తెలీదు. తప్పేముంది?" అని, ఆమె ఇంకో మాట అనేలోపే జేబులోంచి ఫోను తీశాడు. "ఉండండి, సారుతో మాట్లాడేద్దాం."

కౌంటరు మీద ఫోను పెట్టి స్పీకరు నొక్కాడు. షాపులో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉన్నారు. పనివాళ్లు ఉన్నారు. శ్రీహరి గొంతు హుషారుగా వినిపించింది.

"అయ్యో, దానికోసం అక్కడిదాకా వచ్చిందా! ఏం అనుకోకండి గోవిందరాజులు గారూ. ఆడవాళ్ల డ్రైవింగు మీకు తెలిసిందే కదా. మా గుమ్మం ర్యాంపు ఎక్కేటప్పుడే తగిలించి ఉంటది. పంపించెయ్యండి ఇంటికి."

అవతల నవ్వాడు. ఇవతల గోవిందరాజులు నవ్వాడు. పంక్చరు వేసే అతను తల వంచుకుని నవ్వాడు. "మీ మొహం చూసి రంగు పూయించేస్తానమ్మా, కనబడదు" అన్నాడు గోవిందరాజులు. ఇందుమతి కూడా నవ్వింది. అది ఆమెకి తర్వాత చాలాసేపు గుచ్చుకుంది. మంచినీళ్ల గ్లాసు కౌంటరు మీద పెట్టి, థాంక్సండీ అని కూడా చెప్పి వచ్చింది.

ఇంటికొచ్చాక శ్రీహరి, "మళ్లీ ఆ షాపుకి వెళ్లకు. రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. చిన్న గీతకి పరువు తీస్తావా ఏంటి?" అన్నాడు. ఆమె రాత్రి వంటకి కూర తరుగుతూ ఆ ర్యాంపు గురించే ఆలోచించింది. ఎక్కేటప్పుడు తగిలిందా? మొన్న వానలో తొందరగా ఎక్కించింది. శబ్దం ఏమన్నా వచ్చిందా? వచ్చినట్టే అనిపించసాగింది. ఇంకాసేపు ఆలోచిస్తే కుదుపు కూడా గుర్తొచ్చేలా ఉంది. ఇలాగే కదా ఎప్పుడూ. మామగారు పోయే ముందు ఏడాది ఆయన వినికిడి మిషను కనపడకపోతే, "దుప్పట్లు ఉతికేటప్పుడు నువ్వే వాషింగ్ మిషన్లో పడేసి ఉంటావు" అన్నారు. మూడో రోజుకి దుప్పటి మడతలో గట్టిగా ఏదో తగిలిన గుర్తు ఆమె వేళ్లకే వచ్చేసింది. కూతురు హర్షిణికి ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే, "లెక్కల టీచరు కూతురు!" అన్నారు చుట్టాలు. ఆ పిల్ల పరీక్ష రోజున నూట రెండు జ్వరంతో రాసిందని ఇందుమతే మర్చిపోయింది. వాళ్లు మోపిన తప్పుకి సాక్ష్యం కూడా తనే పుట్టించి ఇస్తోంది. అది తెలిసి ఆమె చేతిలో కత్తి ఆగింది.

మర్నాడు బంకులో మళ్లీ గాలి పట్టించుకునే బయల్దేరింది. స్కూల్లో ఇంటర్వెల్‌కి ఎలిజబెత్ అడిగింది, "ఏంటి ఇందూ, పొద్దున్నించీ అదోలా ఉన్నావు?" అని. ఇందుమతి చెప్పింది. చెప్తూ చెప్తూ, "నేనే తగిలించానేమో లిజీ" అంది.

"నేను రోజూ నీ పక్కనే కూర్చుంటున్నాను కదా. తగిలితే నా నడుముకి తెలీదా? పద, చూద్దాం" అంది ఎలిజబెత్.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ బోరింగు దగ్గర నుంచి రెండు బకెట్లు నీళ్లు మోసుకొచ్చారు. నాలుగు చక్రాలూ బురద పోయేలా కడిగారు. ముందు ఎడమ చక్రం మీద ఒక్క గీతే అనుకుంది ఇందుమతి. కడిగాక రెండోది కనిపించింది, మూడోది, నాలుగోది. కుడి పక్క చక్రం మీద కూడా నాలుగు. వెనక వాటికీ నాలుగేసి. కొన్ని లోతుగా, కొన్ని గోటి గీతలా సన్నగా.

ఇందుమతి గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి గబగబా స్టాఫ్ రూముకి వెళ్లి, తొమ్మిదో తరగతి వాళ్లకి వృత్తాలు చెప్పడానికి వాడే నూలు దారం, స్కెచ్ పెన్ను తెచ్చింది. ఎలిజబెత్ ఒక గీత మీద దారం కొస పట్టుకుంది. ఇందుమతి రెండో గీత దాకా లాగి పెన్నుతో గుర్తు పెట్టింది. రెండో దాని నుంచి మూడో దానికి అదే దారం సరిగ్గా సరిపోయింది. మూడో దాని నుంచి నాలుగో దానికీ, నాలుగో దాని నుంచి మొదటి దానికీ అంతే. కుడి పక్క చక్రానికీ అదే దారం. వెనక వాటికీ అదే దారం.

"చతురస్రం" అంది ఇందుమతి నెమ్మదిగా. "వృత్తంలో గీసిన చతురస్రం."

"మీ ర్యాంపుకి జామెట్రీ వచ్చా ఏంటి?" అంది ఎలిజబెత్.

ఇందుమతికి నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది. నీళ్ల బకెట్ అంచు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. వరండాలో ఉన్న పిల్లలు లెక్కల టీచరు అలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

బుధవారం సాయంత్రం ఆమె మళ్లీ షాపుకి వెళ్లింది. శ్రీహరికి చెప్పలేదు. చెప్పకపోవడం దొంగతనమేమీ కాదని దారి పొడుగునా తనకి తను చెప్పుకుంటూ వెళ్లింది. గోవిందరాజులు "రండమ్మా, కూర్చోండి" అన్నాడు.

"కూర్చోనండీ. మీ మిషను ఒకసారి చూస్తాను."

టైర్లు విప్పే మిషను షాపు పక్కన రేకుల కింద ఉంది. సత్తిరాజు అనే పాత పనివాడు ఎవరిదో చక్రం దాని బల్ల మీద పెట్టి మీట తొక్కాడు. బల్ల మీద నాలుగు వైపులా ఉన్న నాలుగు ఇనప పట్లు లోపలికి జరిగి చక్రం అంచుని కరిచి పట్టుకున్నాయి. ఒక్క పట్టుకే విరిగిన ప్లాస్టిక్ తొడుగు ముక్క వేలాడుతోంది. మిగతా మూడూ ఉత్త ఇనుము, వాడివాడి మెరిసిపోతున్నాయి.

ఇందుమతి వెనక్కి వచ్చి కారు దగ్గర నిలబడింది. "గోవిందరాజులు గారూ, ఒకసారి ఇలా రండి. నాలుగు చక్రాలూ చూడండి. మొన్న మీరు ఒకటే చూశారు."

"అమ్మా, సారుకి ఫోను చేస్తాను, మేమిద్దరం మాట్లాడుకుంటే..."

"కారు నాదండీ. మా ఆయనకి కారు నడపడం రాదు. ఆయనకి తెలియని సంగతి ఆయన్ని అడిగి ఏం లాభం?"

గొంతు పెద్దది చెయ్యలేదు. క్లాసులో చివరి బెంచీ దాకా వినపడేలా చెప్పే గొంతు, అంతే. తన వంతు కోసం స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన లేచి వచ్చాడు. ఇందుమతి సంచిలోంచి దారం తీసి, ఒక్కో గీత మీదా పట్టి చూపించింది. ఒక్కో చక్రానికీ తిరిగింది.

"ఫుట్‌పాత్ తగిలితే ఎడమ పక్కే తగలాలి కదండీ. కుడి పక్క ఎందుకున్నాయి? గుద్దుకుంటే ఒక చోట గీసుకుపోతుంది కానీ, సమంగా కొలిచినట్టు నాలుగు చోట్ల ఎలా పడతాయి? ఇప్పుడు ఈ దారం ఆ మిషను మీద పెట్టి చూద్దాం రండి."

సత్తిరాజు చక్రం దించేసి, పట్లని ఇందుమతి చక్రాల సైజుకి జరిపి, పక్కకి తప్పుకున్నాడు. ఆమె దారం పెట్టింది. గుర్తు దగ్గర గుర్తు కూర్చుంది.

గోవిందరాజులు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఏరా సత్తిరాజూ?" అన్నాడు.

సత్తిరాజు చేతులకి అంటిన మసి గుడ్డకి తుడుచుకున్నాడు. "తొడుగులు విరిగి నెల దాటిందండి. తెప్పించమని రెండు మాట్లు చెప్పానండి. ఇనప రిమ్ములకి పర్లేదు గానండి, ఈ అలాయ్‌లకి గీతలు పడిపోతన్నాయండి. అమ్మగారి బండికి బిగించిన రోజే చూశానండి నేను." ఒక్క క్షణం ఆగి, "మొన్న ఆవిడ వచ్చినప్పుడే చెబుదామనుకున్నానండి. నోరు రాలేదండి" అన్నాడు.

"అయితే నా బండి ఎక్కించకు బాబూ" అన్నాడు స్టూలు మీంచి లేచిన పెద్దమనిషి కంగారుగా. "నాయీ అలాయ్‌లే."

గోవిందరాజులు ముందు ఎడమ చక్రం దగ్గర, తెల్ల చొక్కా నలుగుతున్నా చూసుకోకుండా గొంతుక్కూర్చున్నాడు. చెక్కు లేచిన అంచు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రాశాడు. అప్పటిదాకా ఇందుమతి లోపల ఇంకో వాదన సిద్ధం చేసుకుంటూనే ఉంది. ఆయన ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలి, ఎవరికి ఫిర్యాదు రాయాలి అని. ఆయన లేచి నిలబడి, "పొరపాటు మాదేనమ్మా" అన్నాడు. "మొన్న నేను సరిగ్గా చూడకుండా మాట్లాడాను. మిమ్మల్ని అనుమానించి సారుకి ఫోను చెయ్యడం ఇంకా తప్పు. ఏమీ అనుకోకండి."

ఇందుమతికి దెబ్బకి సిద్ధంగా బిగపట్టుకున్న ఒళ్లు, దెబ్బ రాకపోయేసరికి తూలింది. గట్టిగా ఊపిరి వదిలింది.

"మంచిదండీ. నాలుగూ మార్చి ఇవ్వండి. రంగు వద్దు" అంది.

"నాలుగూ మారుస్తానమ్మా. ఇవే కావాలంటే తాడేపల్లిగూడెం నుంచి తెప్పిస్తాను. తొడుగులు వచ్చేదాకా అలాయ్‌లు ఆ మిషను ఎక్కించను. అందాకా ఇక్కడే ఉన్న మీ పాత రిమ్ములు వేసి పంపుతాను, కొత్త టైర్లతోనే. జాగ్రత్తగా వెళ్దురుగాని."

రెండో శనివారం, స్కూలుకి సెలవు. మధ్యాహ్నానికి కొత్త చక్రాలూ, మిషను తొడుగులూ వచ్చాయి. ఈసారి ఆమె అక్కడే నిలబడి ఒక్కో చక్రం ఎక్కడం చూసింది. సత్తిరాజు ఒక్కోదాన్నీ తుడిచి చూపించి, "చూసుకోండమ్మా" అన్నాడు. రసీదు రాసే విజయకుమారి "సారు పేరే కదండీ?" అని అలవాటుగా అడిగి, తలెత్తి ఇందుమతి మొహం చూసి, తనే నాలిక కరుచుకుని, "మీ పేరు చెప్పండి మేడమ్" అంది.

బయల్దేరి ఇంటికి మూడు సందుల దూరంలో ఉండగా, కారు తిప్పి కైకలూరు రోడ్డు ఎక్కించింది. సెలవు రోజు ఆ రోడ్డుకి ఆమె ఎప్పుడూ రాలేదు. చెరువుల మీద సాయంకాలపు ఎండ పడుతోంది. గట్ల వెంట మేత బస్తాలు దించుతున్నారు. కారు చప్పుడు లేకుండా, నీళ్ల మీద పడవలా పోతోంది. నేను తగిలించలేదు, అనుకుంది. పైకి కూడా అంది, "నేను తగిలించలేదు." అద్దాలు వేసి ఉన్నాయి కాబట్టి ఎవరూ వినలేదు. వినక్కర్లేదు కూడా. ఎన్నాళ్ల నుంచో మెడ వెనక ఉన్న బరువేదో జారిపోయి, వెన్నంతా తేలిగ్గా ఉంది. ఆ తేలికలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లలో తను చెయ్యనివి ఇంకెన్ని ఒప్పుకుందో. దుప్పటి మడతలో నిజంగా ఏమీ తగల్లేదు. ఆ సంగతి ఇప్పుడు ఆమె వేళ్లకి స్పష్టంగా తెలుసు. భయం వెయ్యలేదు. కోపం కూడా అనుకున్నంత రాలేదు. ఎవరో తప్పుగా దిద్దిన పరీక్ష పేపరు తన చేతికి వచ్చినట్టుంది. తీరిగ్గా మళ్లీ దిద్దుకోవచ్చు.

ఇంటికి వచ్చేసరికి శ్రీహరి వరండాలో ఉన్నాడు. సంగతి వాకింగ్‌లో తెలిసినట్టుంది. "చూశావా, గోవిందరాజులు మంచోడు కాబట్టి మార్చి ఇచ్చాడు. మనవాడని ఊరికే అన్నానా?" అన్నాడు.

"మంచివారేనండీ. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నారు" అంది ఇందుమతి చెప్పులు విప్పుతూ. "మీరు ఫోనులో అన్న మాట కూడా అందరి ముందే వినిపించిందండీ, స్పీకర్లో. చూడకుండానే అన్నారు."

"సరదాకి అన్నాను. దానికేముంది?"

"నాకు సరదాగా లేదండీ. ఇంకోసారి అనకండి."

శ్రీహరి, అలవాటైన జవాబు ఎదురుగా లేకపోయేసరికి పేపరు తిరగేశాడు. అది పొద్దున్నే చదివేసిన పేపరు. కాసేపటికి లేచి వాకిట్లోకి వెళ్లి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కో చక్రం దగ్గరా వంగి చూశాడు. మొదటిసారి చూడటం. "బావున్నాయి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆ పూట కొరమేను పులుసు. ముగ్గురూ కూర్చున్నారు. నాగరత్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు వెయ్యడం మర్చిపోయావా తల్లీ? కారు ధ్యాసలో పడి వంట సంగతే పట్టట్లేదు" అంది.

అయ్యో, మర్చిపోయానేమో అత్తయ్యగారూ. మాట నాలిక చివరికి వచ్చేసింది, ఎప్పట్లాగే, అడగగానే. ఇందుమతి దాన్ని అక్కడే ఆపింది. తన కంచంలో అన్నం కలుపుకుని, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

"సరిపోయింది అత్తయ్యగారూ" అంది.